లెంట్ కాలంలో శోధన వచ్చినప్పుడు దేవుణ్ణి నమ్ముకోవడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

భస్మ బుధవారం నాడు, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ ఉపవాస కాలం మొదలయ్యే రోజున, తీర్మానం చేసుకోవడం పెద్ద కష్టం కాదు. చుట్టూ అందరూ అదే మాట మీద ఉంటారు, పాటలు, ప్రార్థనలు అన్నీ అటే నడిపిస్తాయి, మనసు కూడా మెత్తబడి ఉంటుంది. కష్టమంతా రెండో వారం నుంచి మొదలవుతుంది. మానేస్తానన్నదే రాత్రి పదకొండింటికి గుర్తొస్తుంది. ఎవరి మీద కోప్పడకూడదనుకున్నామో ఆ మనిషే పొద్దున్నే ఎదురుపడి ఏదో ఒకటి అంటాడు. అప్పుడు చాలామంది మనసులో మెదిలే మాట ఒకటే: "నా విశ్వాసం ఇంతే కాబోలు." ఆ తర్వాత కొందరు పళ్లు బిగబట్టి నెట్టుకొస్తారు, కొందరు ఎవరికీ చెప్పకుండా మెల్లగా వదిలేస్తారు.

ఈ రెండూ కాక ఇంకో దారి ఉంది. ఏ శోధన అడుగున చూసినా ఒక ప్రశ్న దాక్కుని ఉంటుంది: "ఈ విషయంలో దేవుణ్ణి నమ్మొచ్చా, లేక నా సంగతి నేనే చూసుకోవాలా?" కాఫీ అయినా, ఫోన్ అయినా, పగ అయినా, పరస్త్రీ మీదో పరపురుషుడి మీదో కలిగే ఆశ అయినా, తరచి చూస్తే అక్కడికే వస్తుంది. ఆ ప్రశ్నను పట్టుకోవడం, దానికి జవాబు చెప్పడం ఎలాగో ఈ మార్గదర్శిలో ఉంది. లెంట్ అనండి, శ్రమల దినాలనండి, తపస్కాలమనండి, మీ సంఘంలో ఏ పేరుతో పిలిచినా ఫర్వాలేదు. అడుగులు వరుసగా చదివితే మంచిది. ఇవాళే తడబడి, దిగులుగా ఉన్నవాళ్లు మాత్రం నేరుగా ఎనిమిదో అడుగుకు వెళ్లండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

అడుగు 1: అరణ్యంలో ఏం జరిగిందో నిదానంగా చదవండి

మత్తయి సువార్త 4వ అధ్యాయంలో మొదటి 11 వచనాలు మనందరికీ తెలిసినవే. తెలిసినవి కాబట్టే గబగబా చదివేస్తాం. ఈసారి 3వ అధ్యాయం చివరి వచనంతో కలిపి చదవండి. యొర్దాను నదిలో బాప్తిస్మం పొందిన యేసును గురించి ఆకాశం నుంచి ఒక స్వరం పలికింది: ఈయనే నా ప్రియ కుమారుడు. ఆ వెంటనే ఆత్మ ఆయనను అరణ్యానికి నడిపించాడు. నలభై పగళ్లు, నలభై రాత్రులు ఉపవాసం ఉన్నాక ఆయనకు ఆకలి వేసింది. అప్పుడు శోధకుడు, అంటే అపవాది, వచ్చి అన్న మొదటి మాట, "నీవు దేవుని కుమారుడవైతే." తండ్రి ఏ మాట చెప్పాడో సరిగ్గా ఆ మాట మీదే అనుమానం పెట్టాడు.

రొట్టె తినడం పాపం కాదు. ఆకలైనవాడు తింటాడు. అసలు శోధన రొట్టెలో లేదు, "నీ తండ్రి నిన్ను ఆకలితో వదిలేశాడు, ఇక నువ్వే చూసుకో" అన్న సలహాలో ఉంది. రెండోసారి దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నాడు. తండ్రి పట్టుకుంటాడో లేదో తేల్చుకోమన్నాడు. దానికి 91వ కీర్తనలోని వాక్యాన్నే వాడుకున్నాడు. వాడుకున్నది కూడా తన పనికి సరిపడేంతే. ఆ వెంటనే వచ్చే 13వ వచనంలో సింహాన్నీ, పామునూ తొక్కేయడం గురించి ఉంది, అక్కడిదాకా రాలేదు! (వాక్యం వినిపించింది కాబట్టి అది దేవుని నడిపింపే అని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తు చేసుకోండి.) మూడోసారి లోక రాజ్యాలన్నీ చూపించాడు. అవి కుమారుడికి రావలసినవే, 2వ కీర్తనలో వాగ్దానం ఉంది. కానీ తండ్రి దారిలో సిలువ ఉంది, వీడి దారిలో లేదు. ఒక్కసారి మోకరిస్తే చాలన్నాడు.

అంటే మూడు శోధనల్లో మూడు అనుమానాలు ఉన్నాయి. తండ్రి నా అవసరం తీరుస్తాడా? తండ్రి నిజంగా నాతో ఉన్నాడా? తండ్రి చూపించిన దారి మంచిదేనా, ఇంత ఆలస్యం, ఇంత బాధ అవసరమా? ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, మూడో అడుగులో పనికొస్తాయి.

యేసు ఇచ్చిన జవాబులు మూడూ ద్వితీయోపదేశకాండంలోవి: 8:3, 6:16, 6:13. ఆ భాగం తీసి చూస్తే, నలభై ఏళ్లు అరణ్యంలో నడిచిన ఇశ్రాయేలీయులకు మోషే అవన్నీ గుర్తుచేస్తున్న సందర్భం కనిపిస్తుంది. తిండి కోసం సణిగారు. మస్సాలో నీళ్లు లేనప్పుడు "యెహోవా మన మధ్య ఉన్నాడా లేడా" అని ఆయన్నే పరీక్షించారు. వేరే దేవుళ్ల వైపు చూశారు. వాళ్లు తప్పిపోయిన చోటే యేసు నిలబడ్డాడు. అద్భుతం ఏదీ చెయ్యలేదు, వాదన పెంచలేదు. తండ్రి ఇదివరకే చెప్పిన మాట దగ్గర ఆగిపోయాడు. తర్వాత సిలువ మీద వేలాడుతున్నప్పుడు కూడా దారిన పోయేవాళ్ల నోట అదే మాట వచ్చింది: నీవు దేవుని కుమారుడవైతే దిగి రా (మత్తయి 27:40). దిగలేదు. "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను" అన్నాడు. దేవుణ్ణి నమ్మడం అంటే ఎలా ఉంటుందో ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చదివితే తెలిసినంతగా ప్రసంగాల్లో తెలియదని నా అభిప్రాయం.

చేయాల్సింది: మూడు రోజులు తీసుకుని రోజుకు ఒక శోధన చదవండి. ఒక్కోదాని కింద ఒకే ఒక వాక్యం రాయండి, "నా జీవితంలో ఈ అనుమానం ఎప్పుడు వస్తుంది?"

అడుగు 2: తీర్మానం చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి

లెంట్ తీర్మానాలు దెబ్బతినేది ఎక్కువగా వాటి తయారీలోనే. "ఈ నలభై రోజులు మంచి మనిషిగా ఉంటాను" అన్నది తీర్మానం కాదు, కోరిక. "రాత్రి భోజనం తర్వాత ఫోన్ ముట్టుకోను, ఆ అరగంట కీర్తనలు చదువుతాను" అన్నది తీర్మానం. వదిలేసిన చోట ఏదో ఒకటి పెట్టాలి, లేకపోతే ఆ ఖాళీలోకి వదిలేసినదే తిరిగి వస్తుంది. ఆ పెట్టేది ప్రార్థన కావచ్చు, మిగిలిన డబ్బు అవసరంలో ఉన్నవాళ్లకు ఇవ్వడం కావచ్చు. యెషయా 58వ అధ్యాయం చదివితే దేవుడు మెచ్చే ఉపవాసం పక్కవాడి ఆకలి దాకా ఎలా వెళ్తుందో కనబడుతుంది.

ఒకటి మానడం, ఒకటి చేయడం, ఈ రెండు చాలు. ఏడెనిమిది పెట్టుకున్నవాళ్లు సాధారణంగా ఒక్కటీ నిలుపుకోలేరు.

లెక్క గురించి ఒక మాట. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కిస్తే 46 రోజులు వస్తాయి. ఆరు ఆదివారాలు పునరుత్థాన దినాలు కాబట్టి వాటిని తీసేస్తే నలభై. అందుకే చాలా సంఘాల్లో ఆదివారం ఉపవాసం ఉండరు. కథోలిక సంఘ నియమం ప్రకారం 18 ఏళ్లు నిండినవాళ్లు 60వ ఏడు మొదలయ్యే దాకా భస్మ బుధవారం, శుభ శుక్రవారం ఉపవాసం పాటించాలి. 14 దాటినవాళ్లు ఆ రెండు రోజులూ, లెంట్‌లోని శుక్రవారాలూ మాంసం మానాలి. ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలావరకు ఇది ఎవరి మనస్సాక్షికి వాళ్లకు వదిలేసిన విషయం.

షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రోజూ మందులు వాడేవాళ్లు, తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడినవాళ్లు ఆహారం మానే ఉపవాసం జోలికి డాక్టర్‌ను అడగకుండా వెళ్లొద్దు. దేవుడే చూసుకుంటాడని మందులు ఆపేయడం విశ్వాసం కిందికి రాదు. అది శిఖరం మీది నుంచి దూకడం లాంటిదే. మాటల్లో, కొనుగోళ్లలో, స్క్రీన్ విషయంలో ఉపవాసం ఉండొచ్చు.

అడుగు 3: మీ శోధనను దగ్గర నుంచి చూడండి

ఒక వారం పాటు చిన్న పుస్తకంలో రాయండి. శోధన ఎప్పుడు వచ్చింది, దానికి కాస్త ముందు ఏం జరిగింది, అది ఏమిస్తానని మాటిచ్చింది. ఈ మూడో ప్రశ్న ముఖ్యం. ప్రతి శోధనా ఏదో ఒకటి ఇస్తానంటుంది. ఊరట, గౌరవం, భద్రత, ఒంటరితనం నుంచి కాస్త విడుదల. వాటిని కోరుకోవడంలో తప్పు లేదు. ఎవరి దగ్గర, ఏ దారిలో తెచ్చుకుంటున్నామన్నదే ప్రశ్న.

రాసినదాన్ని మొదటి అడుగులోని మూడు అనుమానాల పక్కన పెట్టండి. డబ్బు చిక్కుల్లో ఉన్న మనిషి లెక్కల్లో చిన్న తప్పుడు అంకె వేయాలనుకుంటాడు. పైకి అది అబద్ధం, లోపల మాత్రం "దేవుడు సమకూర్చడు" అన్న భయం. మాటపడినవాడు బదులు తీర్చుకోవాలనుకుంటాడు. లోపల "నా తరఫున న్యాయం చేసేవాడు ఎవరూ లేరు" అన్న అనుమానం. ఎంత ప్రార్థించినా జవాబు రాని మనిషి "నిజంగా ఉంటే ఈ నెలలోపు చేసి చూపించు" అని దేవుడికి గడువు పెడతాడు. అది రెండో శోధన. పెళ్లి కోసం, ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి విసిగిపోయి, తప్పని తెలిసిన దారినే పట్టాలనుకోవడం మూడోది.

బూతు వీడియోల శోధన గురించి సంఘాల్లో మాట్లాడటానికి మొహమాటపడతారు కానీ, లెంట్‌లో ఎక్కువమందిని లోలోపల నలిపేసేవాటిలో అది ఒకటి. అక్కడ కూడా తరచి చూస్తే చాలాసార్లు అలసట, టెన్షన్, ఎవరికీ అక్కరలేదన్న భావన ముందుగా ఉంటాయి. కోరిక వాటి వెనకాల వస్తుంది.

యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలో (1:13-15) ఈ వరుసను చెప్పాడు. దేవుడు ఎవరినీ కీడుకు శోధించడు. మనిషి తన సొంత ఆశ చేత ఈడ్వబడతాడు, ఆశ గర్భం ధరించి పాపాన్ని కంటుంది, పాపం పెరిగి మరణాన్ని కంటుంది. దీనిలో ఓదార్పు కూడా ఉంది. ఆశ పుట్టిన క్షణానికీ, పాపం పుట్టిన క్షణానికీ మధ్య వ్యవధి ఉంది. మన పనంతా ఆ వ్యవధిలోనే.

అడుగు 4: జవాబు ముందే సిద్ధంగా ఉంచుకోండి

4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఎవాగ్రియస్ అనే సన్యాసి ఉండేవాడు. 399లో చనిపోయాడు. మనిషిని పీడించే తలంపులను ఆయన ఎనిమిదిగా విడదీశాడు: తిండి యావ, కామం, ధనాశ, దుఃఖం, కోపం, నిరాసక్తి, డాంబికం, గర్వం. అంతటితో ఆగకుండా ఒక్కో తలంపుకు ఎదురు చెప్పడానికి లేఖనాల నుంచి వచనాలు ఏరి, దాదాపు 500 దాకా పోగు చేశాడు. యేసు అరణ్యంలో చేసినదాన్నే ఒక పద్ధతిగా మలిచాడన్నమాట. మనకు అన్ని అక్కర్లేదు. మీకు తరచుగా వచ్చే శోధనకు ఒక్క వచనం చాలు, కానీ అది కంఠతా రావాలి. శోధన వచ్చాక బైబిల్ తెరిచి వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

ఎంచుకునేటప్పుడు పాపాన్ని తిట్టే వచనం కంటే దేవుడు ఎలాంటివాడో చెప్పే వచనం తీసుకోండి. డబ్బు భయానికి హెబ్రీయులకు 13:5, "నిన్ను ఏమాత్రమును విడువను" అన్న మాట. పగకు రోమీయులకు 12:19, తీర్పును దేవునికి వదిలేయమన్నది. ఒంటరితనంలో వచ్చే శోధనకు 139వ కీర్తన. గడువులు పెట్టాలనిపించినప్పుడు యేసు చెప్పిందే, "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు." ఏదీ తోచకపోతే 121వ కీర్తన మొదటి రెండు వచనాలు అన్నింటికీ పనికొస్తాయి.

ఆ వచనం కింద మీ సొంత మాటల్లో ఒక వాక్యం కలపండి. "తండ్రీ, నాకిప్పుడు ఊరట కావాలి, అది నీ దగ్గర ఉందని నమ్ముతున్నాను" లాంటిది. పుస్తక భాష వద్దు, మీరు ఇంట్లో మాట్లాడే తీరులోనే ఉండనివ్వండి. రోజూ పొద్దున లేవగానే, శోధన ఏదీ లేనప్పుడే, రెండింటినీ గట్టిగా పలకండి. వచనాన్ని తాయెత్తులా వాడొద్దు. పలికితే చాలు శోధన పారిపోతుందని ఎక్కడా రాసి లేదు. యేసు మొదటి జవాబు చెప్పాక కూడా రెండోది వచ్చింది, మూడోది వచ్చింది.

అడుగు 5: ఆ క్షణంలో ఏం చేయాలి

ఇక అసలు ఘట్టం. శోధన ఎదురుగా ఉంది, చెయ్యి చాచితే అందుతుంది.

ముందు కదలండి. కూర్చుంటే లేవండి, గదిలో ఉంటే బయటికి రండి, ఫోన్ చేతిలో ఉంటే ఇంకో గదిలో పెట్టేయండి. యజమాని పోతీఫరు భార్య బట్ట పట్టుకుని లాగినప్పుడు యోసేపు అక్కడ నిలబడి ప్రార్థన చేయలేదు, పై వస్త్రం ఆమె చేతిలోనే వదిలేసి పారిపోయాడు (ఆదికాండం 39:12). ఆ పరుగు విశ్వాసానికి వ్యతిరేకం కాదు. ఉద్యోగం, పేరు, భవిష్యత్తు అన్నీ దేవుడే చూసుకుంటాడని నమ్మినవాడే అలా పరుగెత్తగలడు. నిజానికి ఆ తర్వాత ఆయనకు జైలే దక్కింది, అయినా యెహోవా అక్కడ కూడా ఆయనతో ఉన్నాడని రాసి ఉంది.

కదులుతూనే ఒక్క మాటలో మొరపెట్టండి. నీళ్లలో మునిగిపోతున్న పేతురు "ప్రభువా, నన్ను రక్షించుము" అన్నాడు, అంతే. వెంటనే యేసు చెయ్యి చాపి పట్టుకున్నాడు. పొడుగు ప్రార్థనలకు అది సమయం కాదు. "యేసయ్యా, సాయం చెయ్యి" చాలు.

తర్వాత శోధన ఇస్తానంటున్నదాన్ని పేరు పెట్టి దేవుడి ముందు చెప్పండి. "నాకు కోపం వచ్చింది, వాణ్ణి నాలుగు మాటలు అనాలనుంది" అని ఉన్నదున్నట్టు. ఆయన దగ్గర నటించాల్సిన పని లేదు. కీర్తనల్లో సగం అలాంటి మాటలే. చెప్పాక మీరు దాచుకున్న వచనం పలకండి.

ఆ తర్వాత తప్పించుకునే దారి కోసం చూడండి. 1 కొరింథీయులకు 10:13 ప్రకారం, సహించగలిగినంతకంటే ఎక్కువగా దేవుడు శోధింపబడనివ్వడు, శోధనతో పాటు తప్పించుకునే మార్గాన్నీ కలిగిస్తాడు. ఆ మార్గం చాలాసార్లు ఏమాత్రం ఘనంగా కనిపించదు. మోగుతున్న ఫోన్, పిలుస్తున్న పిల్లాడు, కడగాల్సిన గిన్నెలు, మూసేయదగిన తలుపు. ఇది దేవుడి పనేనా అని తర్కించకుండా అందులోకి వెళ్లిపోండి.

చివరగా, కాసేపు ఓర్చుకోండి. కోరిక కెరటం లాంటిది, లేచినంత ఉధృతంగానూ ఎప్పటికీ ఉండదు. లేచినప్పుడు ఇక తగ్గదనిపిస్తుంది, తగ్గుతుంది. ఆ కాస్త సమయం గడవడానికే నడక, పాట, పని ఏదైనా పెట్టుకోండి.

దేవుణ్ణి నమ్మడానికీ, దేవుణ్ణి పరీక్షించడానికీ తేడా ఇక్కడే తెలియాలి. తాగుడు మానుతున్న మనిషి "నాకు దేవుడి బలం ఉంది, ఏమీ కాదు" అంటూ పాత స్నేహితుల మధ్య వెళ్లి కూర్చుంటే అది నమ్మకం కాదు. దారి మార్చుకుని వెళ్లినవాడే ఆయన్ని నమ్మినవాడు. తన బలహీనత తనకు తెలుసు, దేవుడు తనకు తెలివినిచ్చాడనీ తెలుసు.

ఇంత చేసినా దేవుడు పక్కన ఉన్నట్టు అనిపించకపోవచ్చు. ఎడారి సన్యాసి ఆంథోనీ జీవితాన్ని రాసిన అథనాసియస్ ఒక సంగతి చెప్పాడు. ఘోరమైన శోధనల తర్వాత వెలుగు కనబడితే, "మొదట్లోనే ఎందుకు రాలేదు, ఇంతసేపూ ఎక్కడున్నావు?" అని ఆంథోనీ అడిగాడట. ఇక్కడే ఉన్నాను, నీ పోరాటం చూస్తున్నాను అని జవాబు వచ్చిందట. అనిపించడం మీద కాక, చెప్పిన మాట మీద నిలబడటం అలవాటు కావడానికి ఒక్క లెంట్ సరిపోదు.

అడుగు 6: నిద్ర, తిండి, అలసట

ప్రవక్త ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని చచ్చిపోతే బాగుండునన్నప్పుడు దేవదూత ప్రసంగం చెప్పలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు (1 రాజులు 19). అలసిన మనిషికి శోధన రెట్టింపు బరువుగా ఉంటుంది. మీ పుస్తకంలో రాసుకున్నవి చూడండి, సగానికి సగం నిద్ర చాలని రోజుల్లోనే వచ్చి ఉంటాయి. వేళకు పడుకోవడాన్ని కూడా లెంట్ సాధనలో కలుపుకోండి. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

అడుగు 7: ఒక్కరికైనా చెప్పండి

శత్రువు రహస్యాన్ని ప్రేమిస్తాడని 16వ శతాబ్దంలో యేసుసభ (జెస్యూట్) స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా అన్నాడు. తన మాటలు మంచి గురువు చెవిన పడితే ఆట కట్టినట్టేనని వాడికి తెలుసట. అనుభవం ఉన్నవాళ్లెవరైనా ఒప్పుకునే సంగతే ఇది. లోపల కొండంత అనిపించిన శోధన, పైకి చెప్పగానే సగం చిన్నదవుతుంది.

ఎవరికి చెప్పాలి? నోరు జారనివాళ్లు, విని కంగారుపడనివాళ్లు, మీకంటే ముందు ఈ దారిన నడిచినవాళ్లు అయితే మంచిది. లైంగిక శోధనల గురించైతే సాధారణంగా మగవాళ్లు మగవాళ్లకు, ఆడవాళ్లు ఆడవాళ్లకు చెప్పుకోవడం క్షేమం. కథోలికులకు పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ఉంది, మిగతావాళ్లకు కాపరి, పెద్దలు, నమ్మకమైన స్నేహితులు ఉంటారు. చెప్పేటప్పుడు "నా కోసం ప్రార్థించండి అన్నా, చిన్న ఇబ్బంది" అని చుట్టూ తిప్పొద్దు. ఏమిటో, ఎప్పుడో, ఎన్నాళ్లుగానో చెప్పండి. "గురువారం రాత్రి నాకు ఫోన్ చేసి అడుగు" లాంటి ఒక స్పష్టమైన కోరిక కోరండి.

మద్యం, మత్తు పదార్థాలు, జూదం వ్యసనంగా మారినవాళ్లకు ఈ అడుగు ఒక్కటే చాలదు. డాక్టర్, కౌన్సిలర్ కూడా కావాలి. ముఖ్యంగా రోజూ ఎక్కువగా తాగేవాళ్లు లెంట్ వచ్చిందని ఉన్నపళంగా ఆపేస్తే ఒంటికి ప్రమాదం, వైద్యుల పర్యవేక్షణలోనే ఆపాలి. ఎవరైనా మిమ్మల్ని కొడుతున్నా, హింసిస్తున్నా దాన్ని "నా శోధన, ఓర్చుకోవాలి" అనుకోకండి. అక్కడి నుంచి బయటపడటమే దేవుడు ఇచ్చిన మార్గం.

అడుగు 8: పడిపోతే

పేతురు, ఇస్కరియోతు యూదా ఇద్దరూ ఒకే రాత్రి యేసును విడిచారు. ఇద్దరూ చేసినదానికి బాధపడ్డారు. యూదా డబ్బు తిరిగి ఇచ్చేశాడు, తప్పు ఒప్పుకున్నాడు కూడా, కానీ యాజకుల దగ్గర ఒప్పుకున్నాడు. యేసు దగ్గరికి వెళ్లలేదు. పేతురు కుమిలి ఏడ్చినా, తీరాన ప్రభువు కనబడగానే నీళ్లలోకి దూకి ఆయన దగ్గరికే వెళ్లాడు (యోహాను 21:7). పేతురు అలా తిరిగి రావడానికి కారణం లూకా 22:32లో ఉంది: నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీ కొరకు వేడుకొంటిని. పడిపోకముందే యేసు ఆయన కోసం ప్రార్థించాడు. ఆ ప్రార్థన మన విషయంలోనూ సాగుతోందని హెబ్రీయులకు 7:25 చెబుతుంది.

కాబట్టి పడిన రోజే తిరిగి రండి, రేపటిదాకా ఆగొద్దు. ఎలాగూ చెడిపోయింది, ఇవాళ్టికి ఇంకొంచెం కానిద్దాం అన్న మాట రెండో శోధన. మొదటిదానికంటే అదే ఎక్కువ నష్టం చేస్తుంది. 51వ కీర్తన చదవండి, జరిగినదాన్ని సాకులు లేకుండా ఒప్పుకోండి. ఎవరికైనా గాయం చేసి ఉంటే క్షమాపణ అడగండి, తీసుకున్నది తిరిగి ఇవ్వండి. ఆ తర్వాత మామూలుగా మీ తీర్మానంలోకి వచ్చేయండి.

శిక్షగా రెండు రోజులు తిండి మానేయడం, లెంట్ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం లాంటివి చేయకండి. అది పశ్చాత్తాపంలా కనిపిస్తుంది కానీ, క్షమాపణను మన చేతులతో సంపాదించుకునే ప్రయత్నం. మనం మంటివారమని ఆయన జ్ఞాపకం చేసుకుంటాడని 103వ కీర్తన అంటుంది. మనమే మర్చిపోతుంటాం.

ఇంకొకటి, తలంపు రావడం పడిపోవడం కాదు. యేసు అన్ని విషయాల్లో మనలాగే శోధింపబడ్డాడు, అయినా పాపం లేనివాడు (హెబ్రీయులకు 4:15). చెడ్డ ఆలోచన తలుపు తట్టిందని గంటల తరబడి కుమిలిపోయేవాళ్లు, ఒకే పాపాన్ని పదే పదే ఒప్పుకుంటూ ఊరట దొరకనివాళ్లు, అనుభవమున్న కాపరితో, అవసరమైతే మానసిక వైద్యుడితో మాట్లాడాలి. అది కొందరిలో జబ్బు లక్షణం కూడా కావచ్చు.

అడుగు 9: మధ్య వారాలను తక్కువ అంచనా వేయకండి

మూడు, నాలుగు వారాల్లో వచ్చే శోధనకు పెద్దగా రూపం ఉండదు. ప్రార్థన చప్పగా ఉంటుంది, వాక్యం చదివితే తలకెక్కదు, "దీనివల్ల ఏమొచ్చింది?" అనిపిస్తుంది. ఎడారి సన్యాసులు మిట్టమధ్యాహ్నపు దయ్యం అన్నది దీన్నే, ఎవాగ్రియస్ జాబితాలోని నిరాసక్తి. ఇగ్నేషియస్ లొయోలా సలహా ఇక్కడ బాగా పనిచేస్తుంది: మనసు ఎండిపోయిన వేళ, మనసు బాగున్నప్పుడు చేసిన నిర్ణయాన్ని మార్చొద్దు. తీర్మానం నిజంగా మార్చాల్సి ఉంటే కాస్త తేరుకున్నాక, ఎవరితోనైనా మాట్లాడి మార్చండి.

రెండో రకం ఇంకా ప్రమాదం. అంతా బాగా సాగుతోంది, ఒక్కరోజూ తప్పలేదు, పక్కవాడు మాత్రం రెండో వారంలోనే వదిలేశాడు. లూకా 18లో పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటానని దేవుడికే గుర్తుచేశాడు. ఉపవాసం నిజమే, ప్రార్థన మాత్రం తన గురించి తనకే చేసుకున్నది. మీ ఉపవాసం గురించి ఈ వారం ఎంతమందికి చెప్పారో, వదిలేసినవాణ్ణి చూసినప్పుడు మనసులో ఏమనిపించిందో ఒకసారి చూసుకోండి. వాడి పేరు మీ ప్రార్థనలో చేర్చండి.

అడుగు 10: పరిశుద్ధ వారం, ఆ తర్వాత

అరణ్యంలో అపవాది యేసును "కొంతకాలము" విడిచిపోయాడని లూకా రాశాడు (4:13). తిరిగి వస్తాడన్న మాట అందులోనే ఉంది. గెత్సేమనే తోటలో యేసు, గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగిపోవాలని మూడుసార్లు అడిగాడు. దేవుణ్ణి నమ్మడం అంటే కోరిక లేనట్టు ఉండటం కాదని ఆ రాత్రి చూపిస్తుంది. మట్టల ఆదివారం నుంచి రోజుకు కాసేపు మత్తయి 26, 27 అధ్యాయాలు చదవండి. గురువారం రాత్రి శిష్యులు నిద్రపోయిన ఆ గంటలో, వీలైతే ఒక గంట మెలకువగా ఉండి, మీకు బాగా కష్టంగా ఉన్న శోధనను "నీ చిత్తప్రకారమే" అన్న మాటతో తండ్రికి అప్పగించండి.

ఈస్టర్ తర్వాతి వారానికి కూడా ముందే ఒక ఏర్పాటు చేసుకోవాలి. బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వదిలేసే వారం అది. పండుగ జరుపుకోండి, మానినది ఆనందంగా తినండి, దానికోసమే కదా ఎదురుచూసింది. కానీ సోమవారం ఒక పది నిమిషాలు కూర్చుని మీ చిన్న పుస్తకం తిరగేయండి. ఏ శోధన ఎక్కువసార్లు వచ్చింది, దాని వెనక మూడు అనుమానాల్లో ఏది ఉంది, ఏ వచనం నిజంగా పట్టుకుంది? వాటిలో ఆ ఒక్క వచనాన్నీ, పొద్దుటి ఆ ఒక్క ప్రార్థననూ పెంతెకొస్తు దాకా, అంటే ఇంకో ఏడు వారాలు కొనసాగించండి. మీరు ఫోన్ చేసి అడగమన్న స్నేహితుణ్ణి గురువారాలు ఆపొద్దని చెప్పండి.